తాళాలగుత్తి జేబులోనే ఉండనివ్వండి

జంషెడ్‌పూర్‌లో, అంటే మన టాటాలో, కదమా, సోనారి, బిష్టుపూర్, సాక్చి, గోల్మురి, టెల్కో, బర్మామైన్స్, జుగ్సలాయి వాడల్లో ఉన్న మన తెలుగువాళ్లందరికీ ఈ మాట.

పండగ పూట బిష్టుపూర్ రామమందిరం దగ్గర జనంలో నిలబడ్డ ఒక కుర్రాడు ఉన్నట్టుండి కొయ్యబారి పడిపోయాడనుకోండి. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట నురగ వస్తోంది. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. "ఇనుము, ఇనుము" అని ఒకరు కేకేస్తారు. నాలుగు జేబుల్లోంచి నాలుగు తాళాలగుత్తులు బయటికొస్తాయి. బిగుసుకుపోయిన ఆ గుప్పిటను బలవంతాన విప్పి తాళాలు కుక్కుతారు. ఒకాయన చెప్పు విడిచి ముక్కు దగ్గర పెడతాడు. ఒకావిడ ఉల్లిపాయ కోసం పరుగెడుతుంది. ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోతారు. రెండు నిమిషాల్లో కుదుపులు ఆగుతాయి. తాళాలిచ్చినాయన చుట్టూ ఒకసారి చూస్తాడు, తన స్కూటరు తాళమే పిల్లాడి ప్రాణం నిలబెట్టిందన్నట్టు.

ఇనుముతో మూర్ఛ ఆగేదైతే ఈ ఊళ్లో ఒక్కరికీ మూర్ఛ ఉండకూడదు కదా! సిక్కోలు నుంచి, ఇజీనారం నుంచి, విశాఖ పల్లెల నుంచి మన తాతలు గుడ్డసంచి పట్టుకుని రైలెక్కి వచ్చింది ఇనుము కోసమే. ఇనుము కరిగించారు, పోతపోశారు, దాని ధూళి పీల్చారు, దాని మీదే పిల్లల్ని పెంచారు. ఆ ఇళ్లలోనే మూర్ఛ కూడా ఉంది. అసలు సంగతేమిటంటే, చాలామందికి ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. గడియారానికి రావలసిన పేరు తాళం కొట్టేసింది.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బుంది. మన దేశంలోనే కోటి మందికి పైగా ఉంటారని అంచనా. జబ్బు సరిగ్గా గుర్తించి, సరైన మందు వేళకు వాడితే వందలో 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 70 మంది! ఇంత మంచి మాట ఎన్ని దీర్ఘరోగాల గురించి వినగలం? మరి మన మధ్య ఇంకా ఎందుకు పడిపోతున్నారు? మందుల షాపులో మందుంది. టీఎంహెచ్ ఆసుపత్రిలోనో ఎంజీఎం ఆసుపత్రిలోనో డాక్టరున్నాడు. ఆ మాత్రను పదిమందిలో తీసి వేసుకునే ధైర్యం మాత్రం మనిషికి లేదు. ఆ ధైర్యం షాపులో దొరకదు. ఇవ్వాల్సింది మనం. ఈ రాత అందుకే.

తమాషా ఏమిటంటే, ఈ మందుల కథా మన ఊరి కథా ఎవరూ అనుకోకుండానే జంటగా నడిచాయి. 1908లో సాక్చి దగ్గర అడవి కొట్టి టాటా ఉక్కు కార్ఖానా కట్టడం మొదలైంది. అదే ఏడు జర్మనీలో హైన్రిష్ బిల్ట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పదార్థం తయారుచేశాడు. ఎందుకు పనికొస్తుందో తెలియక అది 30 ఏళ్లు అలమరలో పడుంది. 1912 ఫిబ్రవరిలో సాక్చిలో తొలి ఉక్కు బయటికొచ్చింది. అదే ఏడు జర్మనీలోనే ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు ఫెనోబార్బిటాల్ అనే నిద్రమందు మూర్ఛను కూడా తగ్గిస్తోందని రాశాడు. వార్డు పైనే అతని గది, రాత్రుళ్లు రోగులు పడిపోతుంటే నిద్రపట్టక వాళ్లకా మందిచ్చాడని చెబుతారు. మన ఇళ్లలో గార్డినాల్ అనేది అదే. వందేళ్లు దాటినా ఇప్పటికీ వాడుతున్నాం. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు ఆ అలమరలోని పదార్థాన్ని పరీక్షించారు. మత్తు పెద్దగా ఎక్కించకుండా ఫిట్స్‌ను ఆపే మందు అలా దొరికింది. దాని పేరు ఫెనిటోయిన్, మన నోట్లో ఎప్టాయిన్. వీటన్నిటికంటే ముందు, 1857 నుంచి, బ్రోమైడే దిక్కు. ఫిట్స్ తగ్గేవి, మనిషి మొద్దుబారిపోయేవాడు. ఇక మన ఎన్‌కోరేట్, వాల్పారిన్‌లలో ఉండే వాల్‌ప్రోయేట్ కథ మరీ విచిత్రం. వేరే మందుల్ని కలపడానికి ఫ్రాన్సులో వాడుతున్న ద్రావకం అది. 1960ల మొదట్లో చూస్తే, కలిపిన మందులకంటే కలపడానికి వాడిందే ఫిట్స్‌ను ఆపుతోందని తేలింది.

ఇవి మెదడులో ఏం చేస్తాయి? మనకు తెలిసిన గేటు మాటల్లోనే చెబుతాను.

పొద్దున ఆరు గంటలకు కార్ఖానా గేటు తలచుకోండి. సీ షిఫ్టువాళ్లు బయటికి, ఏ షిఫ్టువాళ్లు లోపలికి. ఒకరి వెనక ఒకరు వెళితే వేలమంది అయినా పది నిమిషాల్లో సర్దుకుంటారు. అందరూ ఒక్కసారిగా తోసుకొస్తే తొక్కిసలాట. మెదడులో నరకణాలూ అంతే. ప్రతి కణానికీ చిన్న చిన్న గేట్లుంటాయి. వాటిలోంచి సోడియం లోపలికి దూసుకొస్తే కణం ఒక్కసారి కరెంటు కొట్టి పక్క కణానికి కబురు పంపుతుంది. మనం నడవడం, మాట్లాడటం, ఇది చదవడం అంతా ఆ కబుర్లే. ఒక గుంపు కణాలు వరసా క్రమం లేకుండా ఒకేసారి, మళ్లీ మళ్లీ కొట్టుకుంటే అదే మూర్ఛ.

ఫెనిటోయిన్, కార్బమజెపైన్ (టెగ్రిటాల్ అంటే తెలుస్తుంది) ఆ సోడియం గేటు దగ్గర కాపలాదార్లు. ఒకసారి తెరుచుకుని మూసుకున్న గేటును ఇంకాసేపు మూసే ఉంచుతాయి. మామూలు నడకకు అడ్డం రావు, తోసుకొచ్చే గుంపును మాత్రం ఆపుతాయి. మందు వేసుకుంటూనే మన పిల్లలు లెక్కలు చేస్తున్నారంటే ఈ తెలివైన కాపలా వల్లనే. గార్డినాల్, ఫ్రిజియం అనే మందుల దారి వేరు. మెదడులో నెమ్మదించమని చెప్పే గాబా అనే పదార్థం ఒకటుంది, అది బ్రేకు. ఈ మందులు ఆ బ్రేకును గట్టిగా పట్టిస్తాయి. మగత అందుకే వస్తుంది. లెవిపిల్, లెవెరా పేర్లతో దొరికే లెవెటిరాసిటమ్ గేటు జోలికి పోదు. కబురు మోసుకెళ్లే సంచులు కణం లోపల ఉంటాయి, వాటిని పట్టుకుంటుంది. వాల్‌ప్రోయేట్ రెండు మూడు చోట్ల ఒకేసారి పనిచేస్తుంది.

ఎవరి మూర్ఛకు ఏ కాపలా అన్నది డాక్టరు తేల్చాలి. కొందరు పిల్లలు పడిపోరు, కొట్టుకోరు. పాఠం వింటూ వింటూ పది సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. పరధ్యానమని మాస్టారు చెవి మెలిపెడతారు. అదీ మూర్ఛే. కార్బమజెపైన్ అలాంటి పిల్లల్లో ఫిట్స్‌ను పెంచగలదు. పక్కింటాయనకు పనిచేసిందని ఆయన స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు చింపి తేవడం మంచితనం కాదు సుమా, అది ప్రమాదం.

కాపలాదారు గేటు దగ్గర ఉన్నంతసేపే కాపలా. ఈ మందుల్లో చాలావరకు జబ్బును వేళ్లతో పెరికేయవు, రక్తంలో తగినంత ఉన్నంతసేపు తొక్కిసలాటను ఆపుతాయి. ఒక పూట మానేస్తే మట్టం దిగుతుంది. ఉన్నపళంగా పూర్తిగా మానేస్తే, అన్నాళ్లూ ఆగిన గుంపు ఒక్కసారి విరుచుకుపడొచ్చు. ఒక ఫిట్ మీద ఇంకొకటి, తెలివి రాకుండానే మరొకటి. అది ప్రాణం తీసే స్థితి. మానాల్సిన రోజూ వస్తుంది. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక చాలామంది విషయంలో డాక్టర్లు ఆ ఆలోచన చేస్తారు, అదీ నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ. తేదీ చెప్పాల్సింది డాక్టరు. అమ్మమ్మ కాదు, ఫోనులో వీడియో కాదు.

మరి మనవాళ్లు ఎప్పుడు మానేస్తున్నారు? లెక్క చూద్దాం. శివరాత్రికి ఉపవాసం, జాగారం. ఉపవాసమని మాత్ర మానేస్తారు, జాగారమని నిద్ర మానేస్తారు. మందు తప్పడం, నిద్ర తప్పడం, మూర్ఛను పిలిచేవాటిలో ఈ రెండే ముందు వరస. రెంటినీ ఒకే రాత్రి కలిపి దేవుడి మీద భారం వేస్తున్నాం. శివుడు మాత్ర మింగొద్దన్నాడా? గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుని పడుకున్న భక్తుణ్ణి ఆయన తరిమేస్తాడా? గుళ్లో అర్చకులు ఈ ఒక్క ముక్క మైకులో చెబితే వంద కరపత్రాల పెట్టు. ఆ మాట వాళ్ల నోటితోనే రావాలి.

ఊరికి వెళ్లినప్పుడు ఇంకో రకం. టాటాలో రైలెక్కి ఆముదాలవలసలో దిగేసరికి మాత్రల డబ్బా అలమరలో ఉండిపోయిందని గుర్తొస్తుంది. నాలుగు రోజులే కదా అనుకుంటారు. ఆ నాలుగు రోజుల్లోనే మేనల్లుడి పెళ్లి, రాత్రంతా మేలుకోవడం, అసలు మందు తప్పి తమ్ముళ్ల బలవంతాన ఇంకో రకం 'మందు' ఎక్కడం. పెళ్లిపందిట్లో పడిపోతే దిష్టి తగిలిందంటారు.

ఇక షిఫ్టులు. ఇది మన ఊరి సొంత సమస్య. వారం ఏ, వారం బీ, వారం సీ. రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకు దిగేవాడికి రాత్రి తొమ్మిది గంటల మాత్ర ఎప్పుడు? పగలు పిల్లల గోలలో నిద్రెక్కడ? మూర్ఛ ఉన్నవాడికి రాత్రి డ్యూటీల వల్ల నిద్ర చెడితే ఎంత మంచి మందైనా చేతులెత్తేస్తుంది. అయినా అతను ఫోర్‌మన్‌కు చెప్పడు. చెబితే ఉద్యోగానికి ఎసరని భయం. ఇక్కడ రెండు వైపులా సూటిగా మాట్లాడుకోవాలి. ఫిట్స్ అదుపులో లేని మనిషి ఎత్తు మీద, క్రేను మీద, కరిగిన లోహం పక్కన, బండి స్టీరింగు ముందు ఉండకూడదు. లైసెన్సు ఫారంలోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు, అబద్ధం రాయకూడదు. దాచడం అతనికీ ముప్పు, పక్కవాడికీ ముప్పు. కానీ చెప్పినవాణ్ణి వెలేస్తే రేపు ఎవరు చెబుతారు? కాబట్టి చెప్పినవాడికి పగటి డ్యూటీ, నేల మీద పని, వీపు మీద ఒక చెయ్యి. అన్నలారా, యూనియన్ మీటింగుల్లో బోనసు గురించి గొంతు చించుకుంటాం, మంచిదే. ఒక మీటింగులో దీని గురించి కూడా చించుకుందాం. ఈ ఊరికి 1912లో ఎనిమిది గంటల పని వచ్చింది, 1915లో ఉచిత వైద్యం వచ్చింది. దేశంలో చాలాచోట్ల ఆ మాటలే వినపడని రోజులవి. అవి కంపెనీ ఇచ్చినవి. కార్మికుడు కార్మికుడికి ఇవ్వగలిగింది ఒకటుంది: నీ జబ్బు నాకు చెబితే నిన్ను చిన్నచూపు చూడను అనే హామీ.

మాత్ర మానడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. దాని గురించి డాక్టర్ల దగ్గర కూడా మనం నోరు విప్పం. మందు పెట్టే బాధలు.

ఒక అమ్మాయి ఉంటుంది. ఎప్టాయిన్ వేసుకుంటుంది. ఫిట్స్ ఆగాయి, ఇంట్లో అందరికీ సంతోషం. నెలలు గడిచేకొద్దీ చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. పెదవి పైన, చేతుల మీద వెంట్రుకలు దట్టమవుతాయి. ఆ పిల్ల నవ్వడం మానేస్తుంది, ఫొటోల్లో నోరు మూసుకుంటుంది. ఎవరికీ చెప్పదు. ఒక రోజు మాత్రలు ఒక్కొక్కటిగా కిటికీలోంచి బయటికి వెళ్లడం మొదలవుతుంది. మళ్లీ ఫిట్స్ వచ్చాక ఇంటిల్లిపాదీ తిడతారు, మందు ఎందుకు మానావని. చిగుళ్ల మాట అప్పటికీ ఎవరూ అడగరు. శుభ్రంగా పళ్లు తోముకుంటే, పళ్ల డాక్టరుకు చూపిస్తే ఆ వాపు కొంత తగ్గుతుంది. అవసరమైతే మందే మార్చొచ్చు. ఆ మాట చెప్పేవాళ్లు లేక ఒక ఆడపిల్ల నవ్వు పోయింది.

ఎప్టాయిన్‌కు ఇంకో పేచీ ఉంది. ఒక మోతాదు దాటాక కొంచెం పెంచినా రక్తంలో చాలా పెరిగిపోతుంది. తూలడం, కళ్లు అదరడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. తాగొచ్చాడనుకుంటాం. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. కార్బమజెపైన్‌తో తల తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, కొందరిలో రక్తంలో ఉప్పు తగ్గిపోవడం ఉంటాయి. వాల్‌ప్రోయేట్‌తో ఒళ్లు వస్తుంది, జుట్టు రాలుతుంది, చేతులు వణుకుతాయి, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. టోపిరమేట్‌తో మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, కిడ్నీలో రాళ్లు రావొచ్చు, ఒంటికి చెమట తగ్గొచ్చు. మే నెల టాటా ఎండలో చెమట పట్టకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? గార్డినాల్ వేసుకునే పిల్లలు కొందరు మగతగా ఉంటే, కొందరు తద్విరుద్ధంగా కుదురు లేకుండా గంతులేస్తారు. చదువు మందగిస్తుంది. అల్లరివాడని ముద్ర వేస్తాం.

లెవెటిరాసిటమ్ సంగతి వేరుగా చెప్పాలి. ఇప్పుడు చాలామందికి రాస్తున్నది అదే. ఒంటికి పెద్ద బాధ పెట్టదు, మిగతా మందులతో గొడవ పడదు. కొందరికి మాత్రం విపరీతమైన చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. నెమ్మదస్తుడని పేరున్న కొడుకు మందు మొదలెట్టిన నెలకు కంచం విసిరికొట్టాడంటే, ముందు మందు సంగతి డాక్టరును అడగండి. ఆ తరవాత కొడుకు సంగతి. మూర్ఛ మందులు వాడేవారిలో చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చే ముప్పు కొంచెం ఎక్కువని 2008లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. మనిషి మాటలు తగ్గించి మూల కూర్చుంటే పక్కన కూర్చోండి, అడగండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి అని చెబుతున్నాను.

ఒక్క దాని విషయంలో మాత్రం రేపు, ఎల్లుండి అనొద్దు. కార్బమజెపైన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి, జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం తోడైతే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం ఊడిపోయేదాకా పోగల జబ్బది. ఆసియా దేశాలవాళ్లలో కొందరికి పుట్టుకతో ఉండే ఒక జన్యు లక్షణం వల్ల కార్బమజెపైన్‌తో ఈ ముప్పు ఎక్కువ. లామోట్రిజిన్‌ను డాక్టర్లు చీమ నడకలా పెంచడం ఈ భయం వల్లనే. తొందరపడి మనమే రెండేసి వేసుకోకూడదు.

ఇంత పెద్ద చిట్టా చదివి మందే వద్దనుకునేవాళ్లు ఉంటారని తెలుసు. ఇవన్నీ అందరికీ రావు. వచ్చినవాటిలో చాలావరకు మోతాదు సర్దితే, మందు మారిస్తే తగ్గిపోతాయి. అదుపు తప్పిన మూర్ఛ ఒక్కటి స్నానాల గదిలో, పొయ్యి దగ్గర, ఖర్కాయ్ నది ఒడ్డున చేసే నష్టంతో పోలిస్తే ఇవి బేరమాడుకోగలిగినవి. బేరమాడాలంటే ముందు నోరు విప్పాలి. మందు వల్ల బాధ కలిగిందని రోగి అయినా, ఇంట్లోవాళ్లయినా నేరుగా ప్రభుత్వానికి చెప్పుకోవడానికి 1800-180-3024 అని డబ్బులు పడని నంబరు కూడా ఉంది. ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు పెళ్లిళ్ల మాట. ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది, క్షమించండి.

టాటా పిల్లకు శ్రీకాకుళం సంబంధం. పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు, కట్నం మాట్లాడుకుంటారు, టిఫిన్‌లో ఎన్ని రకాలో మాట్లాడుకుంటారు. పిల్ల రోజూ వేసుకునే మాత్ర గురించి ఎవరూ మాట్లాడరు. పెట్టెలో చీరల అడుగున ఒక స్ట్రిప్పు దాచి పంపుతుంది తల్లి. కొత్త ఇంట్లో, అత్తగారి కళ్ల ముందు, ఆ స్ట్రిప్పు బయటికి ఎలా తీస్తుంది? పది రోజులు దాచుకుని వేసుకుంటుంది. స్ట్రిప్పు అయిపోతుంది. మొగుణ్ణి తెమ్మని అడగలేదు. పదకొండో రోజు వంటింట్లో పడుతుంది. మోసం చేశారని ఇంటికి పంపేస్తారు. అమ్మా, ఆ పిల్లను పడేసింది మూర్ఛ కాదు, మన గుట్టు.

హిందూ వివాహ చట్టం ఒకప్పుడు పెళ్లికి అడ్డుగా చెప్పిన వాటిలో మూర్ఛ కూడా ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాటను చట్టంలోంచి తీసేసింది. చట్టం తీసేసిన మాటను మన పెళ్లిచూపుల్లో ఇంకా ఎందుకు మోస్తున్నాం? మగపెళ్లివారు నిజం విని లేచిపోకుండా ఉంటే ఆడపెళ్లివారు నిజం చెబుతారు. ముందడుగు మగపిల్లల తల్లులదే. మీలో ఒక్కరు "మాత్ర వేసుకుంటుందా, అయితే ఏం? మా వాడికి బీపీ మాత్ర లేదా?" అంటే చాలు, నాలుగు వీధులు మారతాయి.

ఈ గుట్టు వల్ల ఇంకో నష్టం పుట్టబోయే బిడ్డకు. కడుపుతో ఉండి వాల్‌ప్రోయేట్ వాడితే వందమంది పిల్లల్లో 10 మంది దాకా అవయవ లోపాలతో పుడతారు, 30 నుంచి 40 మంది దాకా ఎదుగుదలలో, మాటలో, చదువులో వెనకబడే ప్రమాదం ఉంది. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకూ అమ్మాయిలకూ ఈ మందు రాయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయకండి, అది తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. పెళ్లికి ముందే, గర్భానికి ముందే డాక్టరును కలిసి మందు మార్చుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాలి. కేరళలో శ్రీచిత్ర సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు రాసిపెడుతోంది. తెలిసినవాళ్ల చేతిలో ఉంటే వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డల్నే కంటున్నారు. ఇంకో మాట, ఎప్టాయిన్, టెగ్రిటాల్, గార్డినాల్ గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తాయి. ఇవన్నీ కొత్త జంట ఇద్దరూ కలిసి డాక్టరు ముందు కూర్చుని వినాల్సిన మాటలు. దాచి చేసిన పెళ్లిలో ఆ రెండో కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

సరే, ఏం చేద్దాం? కదమాలో ఆంధ్రా అసోసియేషన్ ఉంది, బిష్టుపూర్‌లో మందిరం ఉంది, ప్రతి వాడలో ఏదో ఒక తెలుగు సంఘం ఉంది. ఉగాదికి పచ్చడి పంచుతాం, నాటకాలాడతాం, కార్తీకంలో వనభోజనాలకు పోతాం. ఆ సభల్లోనే పది నిమిషాలు అడుగుతున్నాను. ఒకరు నేల మీద పడుకోవాలి, ఇంకొకరు అందరి ముందూ చేసి చూపాలి. పడిపోయిన మనిషిని పక్కకు ఒత్తిగిలబెట్టడం. తలకింద మడతపెట్టిన కండువా. చుట్టూ గట్టి వస్తువులు తీసేయడం. కాళ్లూ చేతులూ అదిమి పట్టకపోవడం. నోట్లో ఏమీ పెట్టకపోవడం, నీళ్లు కూడా. గడియారం చూడటం, 5 నిమిషాలు దాటితే బండెక్కించి ఆసుపత్రికి పరుగు. నాలుక మింగేస్తాడని భయపడేవాళ్లకు ఒక మాట, నాలుక మింగడం ఎవరివల్లా కాదు. చెంచాతో పళ్లు విరగ్గొట్టడం మాత్రం మనవల్ల అవుతుంది. పదేళ్ల పిల్లకు నేర్పినా వస్తుంది ఈ విద్య. నవంబర్ 17 జాతీయ మూర్ఛ దినం, కార్తీకమాసానికి దగ్గరలోనే వస్తుంది. వనభోజనాల్లోనే కానిచ్చేయొచ్చు.

డబ్బు లేక మానేసేవాళ్లు ఉన్నారు. కాంట్రాక్టు లేబరుకు కంపెనీ కార్డు ఉండదు, మాంగోలోనో బాగ్‌బేరాలోనో అద్దె గదిలో ఉంటాడు. ఫెనిటోయిన్, ఫెనోబార్బిటాల్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ నాలుగూ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, జనౌషధి దుకాణాల్లో చవగ్గా అడగొచ్చు. అయితే కంపెనీ పేరు నెల నెలకూ మార్చకుండా డాక్టరుకు చెప్పి ఒకదాని మీదే ఉండటం మేలు. మెల్లగా కరిగే రకం మాత్రలు నూరకూడదు, విరవకూడదు. ఇవన్నీ అతనికి చెప్పేవాడు కావాలి. హిందీ సరిగ్గా రాని అత్తను ఎంజీఎంకు తీసుకెళ్లి, "చిగుళ్లు ఉబ్బాయట డాక్టర్ సాబ్" అని ఆమె తరఫున చెప్పే మేనల్లుడు కావాలి. చదువుకున్న కుర్రాళ్లు ఊరినిండా ఉన్నారు. నెలకు ఒక పూట ఇవ్వలేరా తమ్ముళ్లూ?

ఒక చిన్న సంగతి మధ్యలో మరిచాను. మన దేశంలో చాలామందికి మూర్ఛ రావడానికి కారణం మెదడుకు చేరిన బద్దెపురుగు పిల్లలు. శాకాహారులకూ వస్తుంది, శుభ్రం లేని చేతులతోను, కడగని ఆకుకూరలతోను. దాన్ని చాలావరకు ఆపడానికి మందు కూడా అక్కర్లేదు, సబ్బూ నీళ్లూ చాలు.

రెండు మూడు మందులు సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగని, వందలో ఆ మిగతా ముప్ఫై మందిని కూడా వదలొద్దు. వాళ్లలో కొందరికి ఆపరేషనుతో నయమవుతుంది. హైదరాబాదు నిమ్స్ లాంటి చోట్ల చేస్తున్నారు. "ఇంక ఇంతే" అని ఇంట్లో కూర్చోబెట్టేముందు ఒక్కసారి రైలు టికెట్టు కొనివ్వండి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర అవుతోంది. సీ షిఫ్టువాళ్లు టిఫిన్ డబ్బా కట్టుకుంటున్నారు, ఇంకాసేపట్లో సైరన్. మీ మెట్ల కింద ఇంట్లోనో, ఎదురు క్వార్టర్లోనో మాత్ర వేసుకోవాల్సిన మనిషి ఒకరు ఉంటారు. మీకు తెలుసని వాళ్లకు తెలియకపోవచ్చు. వెళ్లి తలుపు తట్టండి, గుమ్మంలో నిలబడి వీధికి వినపడేంత మామూలు గొంతుతో అడగండి: "బాబూ, మాత్ర వేసుకున్నావా?"